ఒకే నీటికి రెండు పంపులు

పునాది గుంతలో ఊట పడిందంటే మేస్త్రీలకు మొదట గుర్తొచ్చే మనిషి ఊటమామ. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. ఊటమామ అనే పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి ఓ దణ్ణం బాకీ ఉన్నానని అనుకునేవాడు. తను గుంతలోకి దిగి చొక్కా చేతులు మడిస్తే చాలు, నీళ్ళు వాటంతటవే బయటికి దారి వెతుక్కుంటాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనొక్కడిదే అయినా చాలా గట్టిది.

పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైపోయిన పంపు ఒకటి పాత ఇనుం కొట్లో తూకానికి కొనుక్కొచ్చి, విప్పి, బిగించి, చివర్లో మిగిలిపోయిన రెండు నట్లు ఎక్కడివో కనుక్కోవడానికి ఓ చలికాలమంతా ఖర్చు పెట్టాడు. ఆ నట్లే తన గురువులని చెప్పుకుంటాడు. ఏమాటకామాట, పని మాత్రం శుభ్రంగా చేస్తాడు. గుంతలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూల ఇంకో చిన్న గొయ్యి తీయించి, దాంట్లో చిల్లులు కొట్టిన డ్రమ్ము దింపి, డ్రమ్ము చుట్టూ కంకర పోసి, లోపల పంపుని కూర్చోబెడతాడు. బురద కంకర దగ్గరే ఆగిపోతుంది, లోపలికి తేట నీళ్ళే వస్తాయి. మిగతావాళ్ళు పంపుని నేరుగా బురదలోకి దింపి, అది ఊపిరాడక చచ్చాక తయారుచేసిన కంపెనీని తిడతారు. ఊటమామ ఎవర్నీ తిట్టనవసరం లేదు. ఆ ఒక్క తేడాకే ఆయన మెడ కాస్త నిటారుగా ఉండేది.

ఆ రోజుల్లో వీధి వీధంతా పైకి లేస్తోంది. ఓ ఇల్లు పడగొడితే దాని పక్కింటాయనకి నిద్ర పట్టేది కాదు, నాది ఇంకా నిలబడే ఉందేమిటా అని. టీ కొట్టు పక్కన ఇంకో టీ కొట్టు వెలిసింది. కూలీలకు గదులు అద్దెకిచ్చి, ఆ గదుల్లో ఉండే సొంతవాళ్ళని వరండాలోకి మార్చిన ఇళ్ళూ ఉన్నాయి. లారీలు వెళ్ళిన ప్రతిసారీ గుమ్మాల మీదా గిన్నెల మీదా ఓ పొర దుమ్ము పడేది. పైకి ఎంత లేస్తే కిందికి అంత దిగాలి మరి, కార్లు పెట్టుకోవడానికి. ఒకాయన ఒక అంతస్తు సెల్లారు తవ్విస్తే పక్కాయన రెండు తవ్వించేవాడు. దిగిన ప్రతి చోటా ఊట. ఊట పడిన ప్రతి చోటా ఊటమామ. పాత మోపెడ్ పోయి సెకండ్‌హ్యాండ్ ట్రాలీ ఆటో వచ్చింది. ఒక పంపు మూడు పంపులైంది.

సాయంత్రాలు ఇంకో రకం పని తగిలేది. ఎందుకో ఆ వీధిలో బావులూ బోర్లూ ఒక్కొక్కటే అడుగంటడం మొదలుపెట్టాయి. ఇంటివాళ్ళు వచ్చి మోటారు గాలి లాగుతోందని చెప్పేవాళ్ళు. ఊటమామ వెళ్ళి, ఇంకో ముక్క పైపు అతికి, మోటారుని ఇంకాస్త కిందికి దింపి వచ్చేవాడు. పొద్దున గుంతలో నీళ్ళు తోడి కాలువలో పోయడం, సాయంత్రం అదే వీధిలో నీళ్ళందని మోటార్లని కిందికి దింపడం. రెండు పనులకీ ఒకటే సంచి, అవే పానాలు. ఈ రెండూ ఒకే పనికి రెండు చివరలని ఆ సంచికైనా తట్టిందేమో గానీ, మోసేవాడికి తట్టలేదు. వీధి మలుపులో లాండ్రీ ఆయన బోరులో పైపు ఇక దిగక రాయి తగిలినప్పుడు కూడా, ఊటమామ ఆయన భుజం తట్టి, ఈ ఏడు వానలు బాగోలేదని ఓదార్చి వచ్చాడు. లాండ్రీ మూతపడింది. లాండ్రీ ఆయన కొత్తగా లేచిన భవనానికి వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆ వీధిలో మడత నలగని యూనిఫాం ఆయనొక్కడిదే.

ఇంట్లో పరిస్థితి వేరు. ఇంట్లో ఊటమామకి పెద్ద పేరేమీ లేదు. ఇల్లు అత్తవారిది. దాని వెనక స్థలంలో మామగారు బతికుండగా తవ్వించిన సిమెంటు వరల బావి, బావి చుట్టూ ఆకుపచ్చ వల కింద భార్య పెంచే మొక్కల నర్సరీ ఉన్నాయి. ఇల్లు నడిచేది ముఖ్యంగా ఆ నర్సరీ మీద. పంపుల పని ఓ నెల ఉంటుంది, ఓ నెల ఉండదు. మొక్కలు మాత్రం రోజూ అమ్ముడయ్యేవి. కట్టడాల హడావిడి ఆవిడకీ కలిసొచ్చింది. పాత ఇళ్ళతో పాటు పెరటి చెట్లు పోయాయి. ఆ చెట్ల కింద ఆడుకున్నవాళ్ళే ఫ్లాట్లు కొనుక్కుని, బాల్కనీలో పెట్టుకోవడానికి ఓ నిమ్మ మొక్క ఉందా అని వచ్చేవాళ్ళు. ఆవిడ ఆకుల మీద దుమ్ము తుడిచి, కుండీ చేతిలో పెట్టి, నీళ్ళు ఎక్కువ పోసి చంపొద్దని చెప్పి పంపేది.

అత్తగారూ వాళ్ళతోనే ఉండేది. అల్లుడితో నేరుగా మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. ఆయన ఎదురుగా కూర్చున్నా, చెప్పాల్సింది కూతురికే చెప్పేది. చెప్పేవన్నీ ఆయనకే తగిలేవి.

ఇంటి వెనక గోడకి అవతల ఓ పాత గోడౌను ఉండేది. దాన్ని పడగొట్టి మూడు అంతస్తుల సెల్లారుకి గుంత తీయడం మొదలుపెట్టారు. ఊట పడింది, కబురొచ్చింది. ఊటమామ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గోడ దూకితే పని, మళ్ళీ దూకితే భోజనం. ఇంత సుఖమైన ఉద్యోగం ప్రభుత్వంలో కూడా లేదని భార్యతో అన్నాడు. డ్రమ్ము దింపాడు, కంకర పోశాడు, పంపు పెట్టాడు. చేతి మందాన తేట నీటి ధార వీధి కాలువలో పడుతుంటే దాని పక్కన నిలబడి, ఎవరి సాయం లేకుండా పైకొచ్చిన కొడుకుని చూసుకున్నట్టు చూసుకున్నాడు.

వారం తిరక్కుండా ఇంట్లో బావి దిగిపోవడం మొదలైంది. భార్య చెప్పింది. ఊటమామ పట్టించుకోనట్టు నవ్వి, మోటారుకి ఓ పైపు ముక్క కలిపి కిందికి దింపాడు. మళ్ళీ దిగింది. మళ్ళీ దింపాడు. ఎండలన్నాడు, ట్యాంకర్లవాళ్ళన్నాడు, అవతలి వీధిలో ఎవరో పెద్ద బోరు వేశారన్నాడు. నేల లోపలి నీటి దారుల గురించి భోజనాల దగ్గర ఓ ఉపన్యాసం ఇచ్చాడు. అత్తగారు అంతా విని, కంచం తీస్తూ కూతురితో, "మీ ఆయనకి కిందున్న నీళ్ళన్నీ తెలుసే. పైన కాలువలో పోయేవే కనపడవు," అంది.

అది ఊటమామ చెవికెక్కలేదు. ఎక్కడానికి పంపు పాడవ్వాల్సి వచ్చింది. ఓ రోజు పొద్దున్నే లోపలి రెక్క విరిగి పంపు ఆగిపోయింది. సామాను దొరికి, బిగించేసరికి పొద్దు వాలింది. గుంతలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. అదే రోజు ఇంట్లో భార్య మొహం వెలిగిపోతూ, బావిలో నీళ్ళు వచ్చాయని చెప్పింది. వస్తాయని నేను ముందే చెప్పలేదా అని ఊటమామ మీసం దువ్వాడు. మర్నాడు పంపు మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నానికి బావి మళ్ళీ కిందికి పోయింది. టీ గ్లాసు నోటి దాకా తెచ్చిన ఊటమామ అక్కడే ఆగిపోయాడు. గోడ వైపు చూశాడు. బావి వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఒక చేత్తో లాగేసి రెండో చేత్తో వెతుక్కుంటున్నదంతా ఒకే నీళ్ళని అప్పటికి బోధపడింది. లాండ్రీ ఆయన భుజం తట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక్కడే ఆయన తెలివికి అసలు పరీక్ష వచ్చింది. మొక్కలకు కావాల్సింది రోజుకి కొన్ని డ్రమ్ముల నీళ్ళు. పంపు దగ్గర పట్టి మోసుకొస్తే సరిపోయేది. కానీ చిన్న పని చెయ్యడం ఊటమామకి రాదు. పొట్టలో పెట్టుకున్న తప్పు బయటపడకుండా, పనిలో పనిగా ఇంట్లో పరువు కూడా దక్కేలా ఓ ఉపాయం ఆలోచించాడు. కాలువలో పోయే పైపుని మధ్యలో తెంపి, అక్కడ ఇంకో పైపు కలిపి, గోడ మీంచి, ఆకుపచ్చ వల కింద నుంచి తెచ్చి సరాసరి బావిలోకి వదిలాడు. పోయిన నీళ్ళు పోయిన చోటికే చేరాయి, లెక్క సరిపోయిందనుకున్నాడు.

బావి నిండింది. భార్య ఆ సాయంత్రం మొక్కలకు పాటలు పాడుకుంటూ నీళ్ళు పట్టింది. ఈ నీళ్ళు ఎందుకు తెచ్చారని అడిగితే, సైటు వాళ్ళు ఊరికే పారబోస్తుంటే చూడలేకపోయానన్నాడు. అందులో అబద్ధం లేదు, అలాగని నిజం మొత్తమూ లేదు. అత్తగారు కూతురితో, మీ ఆయనకి ఇంకో ముద్ద వడ్డించమని చెప్పింది. పెళ్ళయిన తర్వాత ఆవిడ నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

అక్కణ్ణుంచి గుంత ఎండటం మానేసింది.

ఎంత తోడినా నీళ్ళు అంతే ఉండేవి. ఊటమామ రెండో పంపు తెచ్చి పెట్టాడు. ధార రెట్టింపైంది, బావిలోకి పోయేదీ రెట్టింపైంది. గుంతలో నీళ్ళు ఓ వేలెడు కూడా తగ్గలేదు. అడుగున కట్టిన ఇనుప చువ్వలు నీళ్ళలో నానుతూ ఎర్రబారాయి. కాంక్రీటు పోసే కూలీలు గట్టు మీద కూర్చుని పేకాడుకునేవాళ్ళు. సైటు ఇంజనీరమ్మ వయసులో చిన్నది, మాట తక్కువ, పొద్దున అందరికన్నా ముందొచ్చేది. యజమాని ఫోను చేసినప్పుడల్లా పక్కకి వెళ్ళి తలొంచుకుని మాట్లాడేది. ఆవిడ ఊటమామని పిలిచి, ఇన్ని గుంతలు చూశారు కదా, ఇదేమిటని అడిగింది. ఊటమామ గుంత అంచున కూర్చుని, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, వాసన చూసి, ఇది లోతు ఊటని తేల్చాడు. ఇలాంటిది జీవితంలో ఒకట్రెండుసార్లే తగులుతుందన్నాడు. చిత్రం ఏమిటంటే అది ఆయన నమ్మాడు. చేతిలో ఉన్న మట్టి ఇసకని, గోడకి అవతల బావి ఉందని, అందులో తనే నీళ్ళు పోస్తున్నాడని, మూడూ తెలిసిన మనిషి ఆ వీధి మొత్తానికి ఆయనొక్కడే. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టే తీరిక మాత్రం ఆయనకి లేకపోయింది.

ఇంజనీరమ్మ ఊరికే నమ్మే రకం కాదు. వీధి కింద మంచినీళ్ళ గొట్టం ఎక్కడైనా పగిలిందేమోనని నీటి శాఖ వాళ్ళని పిలిపించింది. వాళ్ళు చెవికి గొట్టాలు పెట్టుకుని వీధంతా నేలకి చెవి ఆనించి విన్నారు. ఊటమామ వాళ్ళ ముందు నడుస్తూ దారి చూపించాడు. ఎండ ఎక్కువగా ఉందని టీ కూడా తనే తెప్పించాడు.

మూడో నాడు మధ్యాహ్నం ఇంజనీరమ్మ సైటు ఆఫీసు గది కిటికీలో పెట్టుకోవడానికి ఓ మొక్క కావాలని నర్సరీకి వచ్చింది. ఊటమామ భోజనం ముగించి వరండాలో నడుం వాల్చి ఉన్నాడు. భార్య ఆవిడకి ఆకుల మొక్కలు చూపిస్తోంది. ఉన్నట్టుండి ఇంజనీరమ్మ తలెత్తి, "ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు," అంది.

"మా బావేనమ్మా," అంది భార్య గర్వంగా. "మీ సైటు నీళ్ళే. పాడైపోతున్నాయని ఈయన ఇటు తిప్పారు."

ఊటమామ లేచి కూర్చున్నాడు. ఇంజనీరమ్మ బావి దాకా నడిచి లోపలికి తొంగి చూసింది. పైపుని కళ్ళతోనే పట్టుకుని వల కింద నుంచి గోడ దాకా వెళ్ళి, గోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మామగారూ, ఇక్కడ మట్టి ఏంటి?"

"ఇసకమ్మా."

"మన గుంతలో?"

"అదే ఇసక." ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఊటమామకి వినపడింది.

"మరి బావిలో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయనుకున్నారు?"

"బావిలోనే ఉంటాయనుకున్నా," అన్నాడు ఊటమామ.

ఇంజనీరమ్మ నవ్వలేదు. నవ్వేస్తే బాగుండునని ఆయన అనుకున్నాడు. ఇన్నాళ్ళుగా తను కష్టపడి తోడి, కష్టపడి పోసి, పోసిందే మళ్ళీ తోడుతున్నాడు. రెండు పంపులు, డ్రమ్ముల కొద్దీ డీజిలు, ఓ వీధి కరెంటు, నేలకి చెవులు ఆనించిన నలుగురు ఉద్యోగులు, అన్నీ కలిసి అవే నీళ్ళని గోడ చుట్టూ ప్రదక్షిణం చేయించాయి. గానుగెద్దుకైనా చివర్లో నూనె కనపడుతుంది.

ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. చువ్వలు తుప్పు పడుతున్నాయని, వాటిని విప్పి మళ్ళీ కట్టాల్సి వస్తే తన ఉద్యోగం ఉండదని మెల్లిగా చెప్పింది. సాయంత్రానికి పైపు తీసేయాలంది. అప్పుడు భార్య అడిగింది, పైపు తీసేస్తే తమ బావి సంగతేమిటని.

"గుంత ఎండాలంటే బావి ఎండాలమ్మా. రెండూ వేరు కాదు."

"ఎన్నాళ్ళు?"

"అడుగు స్లాబు పడాలి, గోడలు లేవాలి, పైన బరువు పడాలి. ముందే పంపు ఆపితే కింది నీళ్ళు సెల్లారు మొత్తాన్ని గిన్నెని తేల్చినట్టు పైకి లేపేస్తాయి. ఎంత తొందరగా ఎండితే అంత తొందరగా ఆపగలం. కుండీలకి కావాల్సినన్ని నీళ్ళు పంపు దగ్గర పట్టుకోండి. బావిలో మాత్రం పోయొద్దు."

ఆవిడ మొక్క తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఊటమామ పైపు ఊడదీశాడు. తీస్తున్నంతసేపూ భార్య పక్కనే నిలబడింది గానీ చెయ్యి వెయ్యలేదు. పని అయ్యాక, బావి దిగిపోతున్నది ఎందుకో మీకు ముందే తెలుసా అని ఒక్కటే అడిగింది. పంపు పాడైన మర్నాడు తెలిసిందని చెప్పాడు. అయితే ఆ రోజే ఎందుకు చెప్పలేదంది. చెబితే మీ అమ్మ ముందు చులకనైపోతానని అన్నాడు. "అయిపోయినవాళ్ళకి మళ్ళీ భయమెందుకు?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

పంపు దగ్గర పట్టిన నీళ్ళతో నర్సరీ కొన్నాళ్ళు నడిచింది. తర్వాత గుంత పక్క మట్టి జారకుండా ఇసకలోకి సిమెంటు పాలు ఎక్కించారు. పంపు నీళ్ళు తెల్లబడ్డాయి. ఊటమామ నాలుక మీద వేసుకుని చూసి ఉమ్మేశాడు. ఏమీ కాదులే అనుకుని ఓ వరస గులాబీలకు పోసి చూశారు. నాలుగు రోజులకి ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. ట్యాంకరు కోసం అడిగితే, ట్యాంకర్లన్నీ సైట్లకే తిరుగుతున్నాయి. చిల్లర ఇళ్ళకి వచ్చేది ఎప్పుడో చెప్పలేమన్నారు. బావి అడుగున మిగిలింది తడి ఇసక. అంటు కట్టిన నిమ్మలూ దానిమ్మలూ తలలు వాల్చడం మొదలుపెట్టాయి. అవి పోతే నర్సరీ పోయినట్టే. ఓ అంటు చేతికందడానికి రెండేళ్ళు పడుతుంది, తల్లి చెట్లు ఎండిపోతే అంటు కట్టడానికీ ఏమీ మిగలదు.

ఓ సాయంత్రం భార్య గోడ పక్కన నిలబడి అవతల పంపుల చప్పుడు వింటూ, ఇంకా తొందరగా ఎండాలంటే ఏం కావాలని అడిగింది. ఊటమామ ఇంకో పంపు కావాలన్నాడు. అద్దెకి ఎక్కడా దొరకడం లేదని, తన మూడో పంపుతో సహా చుట్టుపక్కల ఉన్నవన్నీ గుంతల్లోనే ఉన్నాయని చెప్పాడు.

"మన బావి మోటారుందిగా."

ఊటమామ బావి వైపు తిరిగి చూశాడు.

"నీళ్ళు లేని బావిలో కూర్చుని అదేం చేస్తోంది, ధ్యానమా?" అంది ఆవిడ. "తీసుకెళ్ళి అందులో పెట్టండి. పోయేవి ఎలాగూ మన నీళ్ళే. మన మోటారు తోడితే తొందరగా పోతాయి, తొందరగా వస్తాయి."

తన బావిని బతికించుకోవడానికి తన బావినే ఇంకాస్త వేగంగా ఎండబెట్టడం. ఆ ఆలోచన తనకి రానందుకు ఊటమామకి ఆశ్చర్యం వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే మోటారుని పైకి లాగుతుంటే అత్తగారు వచ్చి బావి గట్టు దగ్గర నిలబడింది. ఆ మోటారు మామగారు కొన్నది. ఆవిడ కూతురి వైపు చూడలేదు. "అల్లుడుగారూ, వైరు నలగనివ్వకండి," అంది. ఊటమామ అంత పెద్ద మాట పడ్డట్టు తల వంచుకుని, అలాగేనండి అన్నాడు. ఏదైనా తిట్టి ఉంటే ఇంత బరువుగా ఉండేది కాదు.

మోటారు గుంతలోకి దిగింది. మొక్కలు ట్రాలీ ఆటో ఎక్కాయి. వాటిని ఇంతకుముందు కొనుక్కెళ్ళిన వాళ్ళ ఇళ్ళకే తీసుకెళ్ళి, కొన్నాళ్ళు మీ బాల్కనీలో ఉంచుకోండని భార్య ఒక్కొక్కరినీ అడిగింది. ఊటమామ వెనక కుండీలు మోస్తూ మెట్లెక్కాడు. ఎందుకని ఎవరైనా అడిగితే ఆవిడ ఏమీ దాచకుండా చెప్పేది, మా ఆయన మా బావిని తోడేశారని. లిఫ్టులో పైదాకా చెప్పేది. ఊటమామ కుండీలో ఆకుల వెనక మొహం పెట్టుకుని నిలబడేవాడు. ఒకరిద్దరు నవ్వారు, ఇద్దరు తలుపు తియ్యలేదు, చాలామంది తీసుకున్నారు. లాండ్రీ ఆయన తన భవనం గేటు పక్కన నీడలో పది కుండీలకి చోటిచ్చాడు. ఊటమామ కుండీలు దించి, జరిగింది చెప్పడానికి నోరు తెరిచాడు.

"తెలుసు మామా," అన్నాడు లాండ్రీ ఆయన. "వీధిలో ఎప్పుడో లెక్కేసుకున్నాం. నీకే ఆలస్యమైంది." అని ఓ కుండీని ఎండ తగలకుండా పక్కకి జరిపాడు.

ఆ తర్వాత ఊటమామ గుంత దగ్గరే ఉండిపోయినంత పని చేశాడు. డ్రమ్ముల చుట్టూ కంకర మార్చాడు. ఇంకో రెండు మూలల్లో గోతులు తీయించాడు. సిమెంటు పాలు పంపుల్లో గడ్డకట్టకుండా రోజూ విప్పి కడిగాడు. ఆయన నోట ఉపన్యాసాలు తగ్గాయి. నేల చూపించి ఎవరైనా ఏదైనా అడిగితే, ఇంజనీరమ్మని అడగమనేవాడు. గుంత ఎండింది. చువ్వల తుప్పు బ్రష్షులతో గీకారు. స్లాబు పోసిన రోజు కూలీలు పేకముక్కలు జేబులో పెట్టుకుని పొద్దు పోయేదాకా కాంక్రీటు మోశారు. గోడలు లేచాయి. సెల్లారు మీద రెండో అంతస్తు పైకప్పు పడ్డాక ఇంజనీరమ్మ కాగితం మీద ఏవో లెక్కలు వేసుకుని, ఇక పంపులు ఆపుకోవచ్చని చెప్పింది. మోటారుని పైకి తీసి, వైరు నలగకుండా చుట్టి, ఊటమామ గోడ మీంచి కాకుండా వీధి చుట్టూ తిరిగి ఇంటికి తీసుకొచ్చాడు.

నీళ్ళు వచ్చాయి. ఎప్పట్లా రాలేదు. పూర్వం నీళ్ళుండే వర కన్నా మూడు వరలు కిందే ఆగిపోయాయి. నాలుగు రోజులు చూశారు, ఇంకో వారం చూశారు, అక్కడే ఉన్నాయి. నేలలో ఇప్పుడు ఓ మూడంతస్తుల కాంక్రీటు పెట్టె అడ్డంగా కూర్చుంది. పక్క వీధిలో అలాంటి గుంతలు ఇంకా ఎండుతున్నాయి. భార్య బాల్కనీల నుంచి మొక్కలు తిరిగి తెచ్చుకుంది. అన్నీ రాలేదు. కొన్ని చచ్చిపోయాయి. కొన్నిటిని పెంచినవాళ్ళు వదిలిపెట్టలేక కొనుక్కున్నారు. గులాబీల వరస మొత్తం పోయింది. నిమ్మ తల్లి చెట్లు మాత్రం బతికాయి. ఆవిడ బావిలోకి చూసి, సగం నర్సరీకి సరిపోతాయని చెప్పి, ఎండకి ఓర్చుకునే మొక్కల్ని ముందుకు జరపడం మొదలుపెట్టింది. కుండీల కింద పెట్టడానికి ఊటమామ ఇటుకలు అందించాడు.

కుండీలు సర్దుతుండగానే ఫోను మోగింది. ఎదురు వరస చివర్న కొత్త స్థలం, రెండంతస్తుల సెల్లారు, ఊట పడిందట. ఊటమామ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఆ నీళ్ళు కాలువలో పోయనని, గుంతకి దూరంగా, వీధి అవతలి చివర ఎండిపోయిన కుంటలోకి పైపు వేసి నేలకే ఇంకనిస్తేనే వస్తానని అన్నాడు. గొంతు కాస్త గంభీరంగా పెట్టుకునే అన్నాడు. అవతలి కాంట్రాక్టరు ఆలోచించకుండా సరేనన్నాడు. అంత తొందరగా సరే అనడంతో, పైపు ముక్క కూడా వెయ్యడని ఊటమామకి అర్థమైపోయింది. మళ్ళీ చెబుతానని ఫోను పెట్టేశాడు.

"వద్దని చెప్పేస్తాను," అన్నాడు భార్యతో.

"చెబితే ఇంకొకళ్ళు వస్తారు. పంపు బురదలోకి దింపుతారు, వదిలేసి పోతారు, ఆపాల్సినప్పుడు ఆపరు." ఆవిడ చేతుల మట్టి దులుపుకుంది. "మీరే వెళ్ళండి."

"వెళ్తే మళ్ళీ మన బావే."

"తెలుసు. అందుకే కుంటకి పైపు వేసేదాకా పంపు మీద చెయ్యి వెయ్యొద్దు. వాళ్ళు పైపు వెయ్యకపోతే ఇంటికి వచ్చెయ్యండి."

"వాళ్ళు ఊరుకోకపోతే?"

"మీరు ఊరుకుంటారనే నా భయం. నేనూ వస్తాను." అని ఆవిడ చెప్పుల కోసం వరండాలోకి నడిచింది. లోపల్నుంచి అత్తగారు, నేనూ వస్తున్నాను, నన్ను వదిలేసి పోకండి అంటోంది. ఊటమామ ట్రాలీ ఆటోలో పంపులు కొంచెం పక్కకి జరిపి, ఇద్దరు కూర్చోవడానికి చోటు చేశాడు.